దిగుమతి సుంకం పెంచమనే అర్జీ మీద సంతకం పెట్టాలా? 26 ఏళ్లు కొనుగోళ్లు చూసినవాడిగా నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు పనిచేసే చిన్న ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ విడిభాగాలు తయారవుతాయి. బయటి దేశం నుంచి వచ్చే సరుకు మీ రేటు కంటే తక్కువకి దొరుకుతోంది. దాని మీద సుంకాన్ని 10 శాతం నుంచి 25 శాతానికి పెంచమని యజమానుల సంఘం అర్జీ తయారుచేసింది, కార్మికుల సంతకాలు కూడా అడుగుతోంది. ఎకనామిక్స్ చదివిన మీ స్నేహితుడేమో "సుంకం అంటే మన జనం మీద వేసే పన్నే, దానివల్ల ఏ పరిశ్రమా బాగుపడలేదు" అంటున్నాడు. ఎవరి మాట నిజం, సంతకం పెట్టాలా వద్దా అని అడిగారు.

ముందే చెప్పేస్తాను. మీ స్నేహితుడి మాటలో మొదటి సగం నిజం, రెండో సగం అబద్ధం. సుంకం కట్టేది మన జనమే. ఆ డబ్బుతో వాళ్లు మన ఫ్యాక్టరీలకు కొంత గడువు కొనిపెడుతున్నారు. ఆ గడువులో పని నేర్చుకుని ప్రపంచం మీద పడ్డ పరిశ్రమలున్నాయి. నెలనెలా వచ్చే పెన్షన్‌లా అనుభవిస్తూ కూర్చున్నవి అంతకంటే ఎక్కువున్నాయి. మీ అర్జీ ఏ రకమో చూసి సంతకం పెట్టండి. ఎలా చూడాలో కింద రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపిక పట్టండి.

నేను ఎకనామిస్టుని కాదు. చిన్న మోటార్లు చేసే కంపెనీలో 26 ఏళ్లు కొనుగోళ్ల విభాగంలో ఉన్నాను. వైండింగ్ వైరు (మోటారులో చుట్టే రాగి తీగ), స్టాంపింగులు (ఉక్కు రేకు నుంచి అచ్చుతో కొట్టి తీసే ముక్కలు), బేరింగులు, షాఫ్టులు కొనడం, కంటైనర్ వస్తే డ్యూటీ, అంటే సుంకం, లెక్క కట్టడం, రేటు కుదరకపోతే తిట్లు తినడం నా పని. సుంకం పెరిగినప్పుడు సంబరపడ్డాను, ఏడ్చాను కూడా. రెండూ ఎందుకో చెబితే మీకు ఉపయోగపడుతుందనుకుంటున్నాను.

ముందు "ఎవరు కడతారు" సంగతి తేల్చుకుందాం

బయటి దేశంవాడు కడతాడని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. ఓడ దిగాక కస్టమ్స్‌లో డబ్బు కట్టేది ఇక్కడి దిగుమతిదారే. తర్వాత అతను తన రేటులో కలుపుకుంటాడు. అమ్మేవాడు కొంత తగ్గించుకుని భారం పంచుకునే సందర్భాలు ఉంటాయి, కానీ దాని మీద ఆశ పెట్టుకోకూడదు. 2018లో అమెరికా చైనా సరుకు మీద సుంకాలు వేసినప్పుడు ఆర్థికవేత్తలు లెక్కలు తీశారు. భారం దాదాపు మొత్తం అమెరికా కొనుగోలుదారుల మీదే పడిందని తేలింది.

దిగుమతి సరుకు ఒక్కటే పెరుగుతుందనుకోవడం ఇంకో పొరపాటు. దాని పక్కనున్న స్వదేశీ సరుకు కూడా పెరుగుతుంది. ఇది నా కళ్లారా చూశాను. మేం చేసే సైజు మోటార్ల మీద ఒక ఏడాది డ్యూటీ పెంచారు. నోటిఫికేషన్ వచ్చిన మర్నాడు ఉదయం పది గంటలకల్లా మా కంపెనీ కొత్త రేట్ల జాబితా మెయిల్లో వెళ్లిపోయింది. మా ఖర్చు పైసా పెరగలేదు. దిగుమతి మోటారు రేటు ఎంతకి చేరుతుందో లెక్కేసి, దానికి ఒక్క మెట్టు కింద మా రేటు పెట్టారు, అంతే. ఆ జాబితా టైప్ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి సాక్ష్యం చెప్పగలను.

అందరికీ తెలిసిన ఉదాహరణ వాషింగ్ మెషీన్లది. 2018లో అమెరికా దిగుమతి వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేసింది. మొదటి 12 లక్షల మెషీన్లకు 20 శాతం, ఆ పైన వచ్చేవాటికి 50 శాతం. వాషర్ల ధర పెరిగింది, అది అనుకున్నదే. విచిత్రం ఏమిటంటే బట్టలారబెట్టే డ్రయ్యర్ల ధర కూడా దాదాపు అంతే పెరిగింది. డ్రయ్యర్ మీద సుంకమే లేదు! అక్కడ జనం రెండూ జతగా కొంటారు. అందుకని కంపెనీలు పెంపును రెండింటి మీదా పంచేశాయి. శాంసంగ్, ఎల్‌జీ నిజంగానే అక్కడ ఫ్యాక్టరీలు తెరిచాయి, దాదాపు 1,800 ఉద్యోగాలు వచ్చాయని ఒక అధ్యయనం లెక్క కట్టింది. అదే అధ్యయనం ప్రకారం ఒక్కో ఉద్యోగానికి వినియోగదారులు ఏడాదికి 8 లక్షల డాలర్ల పైచిలుకు చెల్లించుకున్నారు. ఆ ఉద్యోగికి దక్కిన జీతం అందులో ఎన్నో వంతో మీరే ఊహించుకోండి.

మీ స్నేహితుడు ఇక్కడితో పుస్తకం మూసేస్తాడు. నేను మూయను.

మరి ఎందుకు సమర్థిస్తున్నాను

తయారీ అనేది చేస్తూ చేస్తూ వచ్చే విద్య. మెషీను కొనొచ్చు, డ్రాయింగ్ కొనొచ్చు, చేతికి వచ్చే పట్టు మాత్రం కొనలేం. మేం మొదటిసారి ఒక కొత్త సైజు మోటారు మొదలుపెట్టినప్పుడు వందలో పాతిక పైగా టెస్ట్ బెంచ్ దగ్గరే పోయేవి. వైండింగ్ చేసేటప్పుడు వైరు బిగువు ఎక్కువైతే ఎనామెల్ పూత గీరుకుపోతుంది. తక్కువైతే కాయిల్ స్లాట్‌లో పట్టదు. వార్నిష్ సరిగ్గా ఇంకకపోతే ఆరు నెలల తర్వాత కాలిపోయి తిరిగొస్తాయి. ఈ మూడూ తెలుసుకోవడానికి మాకు ఏడాదిన్నర, బోలెడు స్క్రాప్ రాగి ఖర్చయ్యాయి. ఆ ఏడాదిన్నరా మా మోటారు ఖరీదు ఎక్కువ, నాణ్యత తక్కువ. పదేళ్ల ముందే ఈ పాట్లన్నీ పడి తేరుకున్న బయటి కంపెనీతో అదే రోజు పోటీ పడమంటే, పసిపిల్లాణ్ని మల్లయోధుడి ముందు నిలబెట్టినట్టే.

దీన్ని పసి పరిశ్రమ వాదన అంటారు, కొత్తదేం కాదు. 1791లోనే అమెరికా ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ ఈ మాట చెప్పాడు. తర్వాత జర్మనీకి చెందిన ఆర్థికవేత్త ఫ్రెడరిక్ లిస్ట్ దీన్ని గట్టిగా వాదించాడు. ఇప్పుడు స్వేచ్ఛా వాణిజ్యం గురించి పాఠాలు చెప్పే దేశాలు తాము పెరిగేటప్పుడు ఏం చేశాయో చూడండి. మన కోరమాండల్ తీరం నుంచి, గుజరాత్, బెంగాల్ నుంచి వెళ్లే అద్దకం బట్టలకు ఇంగ్లండ్‌లో జనం ఎగబడుతుంటే, అక్కడి పార్లమెంటు 1700లో ఆ దిగుమతిని నిషేధించింది. 1721లో ఇంకో చట్టం తెచ్చి అలాంటి బట్ట కట్టుకోవడమే నేరం చేసింది. ఆ నీడలోనే వాళ్ల అద్దకం, నేత పని నేర్చుకున్నాయి. మిల్లులు వచ్చి ప్రపంచాన్ని బట్టలతో ముంచెత్తే స్థితికి చేరాకే వాళ్లకు స్వేచ్ఛా వాణిజ్యం ముద్దొచ్చింది. అమెరికా సంగతీ అంతే, 19వ శతాబ్దంలో ఎక్కువ కాలం ప్రపంచంలోకెల్లా ఎత్తైన సుంకం గోడలున్న దేశాల్లో అదొకటి.

అయితే ఇక్కడ చాలామంది ఆగిపోయి "చూశారా, గోడ కడితే చాలు" అంటారు. చాలదు. ఒకే గోడ రెండు చోట్ల రెండు రకాలుగా పనిచేసింది.

దక్షిణ కొరియా తన కార్ల మార్కెట్‌ను దశాబ్దాల పాటు దిగుమతులకు దాదాపు మూసేసింది. హ్యుందాయ్ పోనీ కారు 1975 చివర్లో తయారీ మొదలైంది. ఇంజిన్ పరిజ్ఞానం మిత్సుబిషిది, డిజైన్ ఇటలీది. గొప్ప కారేం కాదు. కానీ మరుసటి ఏడాదే, 1976లో, దాన్ని ఎక్వడార్‌కి ఎగుమతి చేశారు. చేయక తప్పలేదు. చవక అప్పులు, ప్రభుత్వ అండ కావాలంటే ఎగుమతి చేసి చూపించాలి. ఇంట్లో కొనేవాడికి వేరే దారి లేదు కాబట్టి ఏం ఇచ్చినా కొంటాడు, ఎక్వడార్ వాడికి ఆ అవసరం లేదు. కారు బాగోలేకపోతే ఆ సంగతి మొహం మీదే చెబుతాడు. పదేళ్లు తిరిగేసరికి, 1986లో, అదే కంపెనీ అమెరికాలో కార్లు అమ్మడం మొదలుపెట్టింది.

ఇండియాలో కూడా కార్ల మార్కెట్ చుట్టూ అంతే ఎత్తు గోడ ఉండేది. ఆ గోడ లోపల 1950ల చివర్లో మొదలైన అంబాసిడర్ 2014 దాకా నడిచింది. మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు ఆకారాన్ని దాదాపు అలాగే ఉంచి అర్ధ శతాబ్దం పైన లాగించారు. బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసే జనం ఉంటే కంపెనీకి కారు మార్చాల్సిన తొందరేముంది? ఎవరితో పోటీ? లైసెన్స్ లేనిదే కొత్త కంపెనీ రాకూడదు, ఎగుమతి చేయాలన్న ఒత్తిడి లేదు, గోడ ఎప్పుడు తీస్తారన్న తేదీ లేదు.

నన్ను అడిగితే మొత్తం చర్చ ఈ రెండు కార్ల మధ్యే ఉంది. కొరియాలో కూడా జనం ఎక్కువ రేటు కట్టారు. వాళ్లు కట్టినదానికి ప్రతిఫలం దక్కింది.

పోయాక తిరిగిరానివి కొన్ని ఉంటాయి

ఇది పుస్తకాల్లో తక్కువ కనిపిస్తుంది, షాప్ ఫ్లోర్ మీద తిరిగినవాళ్లకి బాగా తెలుసు.

మాకు స్టాంపింగులు చేసిచ్చే చిన్న యూనిట్ ఒకటి ఉండేది. అందులో ఒక డై ఫిట్టర్ (రేకు కొట్టే అచ్చుని సరిచేసేవాడు), అప్పటికే అరవైకి దగ్గర పడ్డ మనిషి. పంచ్ చేసిన లామినేషన్ రేకు తీసి అంచు మీద బొటనవేలి గోరు గీసేవాడు. గోరుకు తగిలే గరుకుని బట్టి "ఇది ఇంకో మూడు వారాలు ఆగుతుంది, ఆ తర్వాత గ్రైండింగ్‌కి పంపండి" అనేవాడు. కొలత పరికరం పెట్టి చూసేవాళ్లం, సరిగ్గా అతను చెప్పినట్టే ఉండేది. డై పాడైతే మధ్యాహ్నం తీసుకెళ్తే రాత్రి షిఫ్టుకల్లా తిరిగి వచ్చేది.

తర్వాత దిగుమతి స్టాంపింగులు మరీ చవగ్గా రావడం మొదలైంది. వాటికి మారింది మేమే, నేనే ఆర్డర్ మీద సంతకం పెట్టాను. మా వరకు అది సరైన లెక్కే. ఆ యూనిట్ రెండేళ్లలో మూతపడింది. మెషీన్లు స్క్రాప్ కింద పోయాయి, ఫిట్టర్ ఇంటికెళ్లిపోయాడు, అతని దగ్గర పని నేర్చుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు వేరే పనుల్లోకి వెళ్లారు. ఆ తర్వాత మేం కొత్త మోటారు డిజైన్ చేయాలనుకున్నప్పుడు నమూనా స్టాంపింగు కోసం డ్రాయింగ్ సముద్రం దాటించి ఐదు వారాలు ఎదురుచూడాల్సి వచ్చింది. చిన్న మార్పుకి ఇంకో ఐదు వారాలు. ముందైతే ఇలాంటి మార్పులు రోజుకి రెండు చేసేవాళ్లం. చివరికి ఆ డిజైనే పక్కన పెట్టేశాం.

నేను ఆర్డర్ ఇచ్చినప్పుడు కాగితం మీద మిగిలిన డబ్బు కనబడింది. ఫిట్టర్ చేతిలోని విద్య ఎక్కడా ఖర్చుగా రాలేదు, ఎందుకంటే దాని ఖరీదు నా ఖాతాలో లేదు, చుట్టుపక్కల పాతిక కంపెనీలకి కొంచెం కొంచెంగా పంచి ఉంది. ఒక్కొక్క కొనుగోలుదారు తన లెక్కలో తప్పు చేయకుండానే అందరూ కలిసి డైలు చేసే, బాగుచేసే ఒక టూల్ రూమ్‌ని చంపేయొచ్చు. సుంకానికి నాకు తెలిసిన గట్టి సమర్థన ఇదే. పసి పరిశ్రమ వాదన కన్నా దీన్నే నేను ఎక్కువ నమ్ముతాను.

ఆస్ట్రేలియా కార్ల తయారీ గురించి కూడా ఇదే అనిపిస్తుంది. సుంకాలు దశలవారీగా తగ్గించుకుంటూ వచ్చారు. ఫోర్డ్ 2016లో, టొయోటా, హోల్డెన్ 2017లో అక్కడ తయారీ ఆపేశాయి. నెమ్మదిగా ఆర్పినా ఆరిన పొయ్యి ఆరినట్టే. ఒప్పుకోవాల్సిన సంగతి ఇంకోటుంది: అక్కడి జనానికి కార్లు చవకయ్యాయి, దేశం పేదదేం కాలేదు. అది నష్టమా లాభమా అని అడిగితే నేను నష్టమనే అంటాను, కాదనేవాళ్లతో పోట్లాడను.

ఆధారపడటం సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా దాటేస్తాను. 2010లో చైనా నుంచి జపాన్‌కి రేర్ ఎర్త్ ఖనిజాల సరఫరా నిలిచినప్పుడు, 2020లో మాస్కుల కోసం, 2021లో చిప్‌ల కోసం ప్రపంచం అల్లాడినప్పుడు, "ఎక్కడ చవకో అక్కడ కొనుక్కుందాం" అన్న మాటకి ఒక షరతు ఉందని అర్థమైంది: అమ్మేవాడు అమ్మాలి. అయితే ఈ పేరు చెప్పి గొడుగుల నుంచి గోళీల దాకా అన్నిటికీ "దేశ భద్రత" అంటే నవ్వొస్తుంది.

ఇప్పుడు నేను ఏడ్చిన కథ

సుంకం అంటే మన సరుకుకి రక్షణ అని మీరు అనుకుంటున్నారు కదా. మన సరుకు దేనితో తయారవుతుందో దాని మీద కూడా సుంకం ఉంటే? కాగితం మీద వేసి చూద్దాం.

బయటి మోటారు ఇక్కడికి 100కి వస్తుందనుకోండి. దాని తయారీకి రాగి, ఉక్కు, బేరింగులు కలిపి 70 పోతాయి. అంటే ఫ్యాక్టరీలో మనం చేసే పనికి, జీతాలు, కరెంటు, వడ్డీ, లాభం అన్నిటికీ కలిపి మిగిలేది 30. మోటారు మీద 10 శాతం సుంకం వేస్తే దిగుమతి మోటారు 110 అవుతుంది, మనమూ 110కి అమ్మొచ్చు. ముడిసరుకు మీద సుంకం లేకపోతే మనకి మిగిలేది 40. పైకి 10 శాతంగా కనిపించే సుంకం నిజానికి మన పనికి 33 శాతం రక్షణ ఇచ్చింది.

ఇప్పుడు ఉక్కు కంపెనీ, రాగి కంపెనీ కూడా అర్జీ పెట్టి తమ సరుకు మీద 15 శాతం వేయించుకున్నాయి. మన ముడిసరుకు 70 కాస్తా 80.5 అయింది. 110లోంచి తీస్తే మిగిలేది 29.5. సుంకమే లేని రోజుల్లో 30 మిగిలేది, "రక్షణ" వచ్చాక 29.5 మిగిలింది. కాగితం మీద మనం కాపాడబడ్డ పరిశ్రమ, లోపల మాత్రం నెత్తిన బండ.

మాకు అచ్చంగా ఇదే జరిగింది. మోటారు మీద డ్యూటీ కదలలేదు, స్టాంపింగులకి వాడే ఎలక్ట్రికల్ స్టీల్ మీద పెంచారు. ముడిసరుకుకి ఎక్కువ, తయారైన వస్తువుకి తక్కువ పడటాన్ని తలకిందుల సుంకం అంటారు. మా పోటీదారు అదే స్టీల్‌ని సుంకం లేకుండా వాడి, తయారైన మోటారుగా మార్చి, మా కంటే తక్కువకి ఇక్కడే దించేవాడు. ఆ రెండేళ్లలో మా లైన్ ఒకటి ఆగిపోయింది. మేం పెట్టని అర్జీ అంత పని చేసింది. ఉక్కు చేసేవాళ్లు ఎప్పుడూ కొద్దిమంది, పెద్దవాళ్లు, ఒకే గదిలో కూర్చోగలరు. ఉక్కు వాడేవాళ్లు వేలమంది, చిన్నవాళ్లు, ఒకరి మొహం ఒకరికి తెలీదు. ఎవరి మాట ముందు వినబడుతుందో చెప్పాలా? 2002లో అమెరికా ఉక్కు మీద 30 శాతం దాకా వేసిన సుంకాన్ని 2003 డిసెంబర్లోనే ఎత్తేయాల్సి వచ్చింది. ప్రపంచ వాణిజ్య సంస్థలో తీర్పు వ్యతిరేకంగా రావడం ఒక కారణం. ఉక్కు వాడే పరిశ్రమలు లబోదిబోమనడం కూడా దానికి తోడైంది.

కొరియావాళ్లు ఇక్కడ తెలివిగా చేశారు. ఎగుమతి చేసే వస్తువులో వాడే ముడిసరుకు మీద సుంకం పడకుండా చూశారు. హామిల్టన్ కూడా ముడిసరుకుకి సుంకం మినహాయించాలనే అన్నాడు, సుంకం కన్నా నేరుగా ప్రోత్సాహక సొమ్ము ఇవ్వడమే చాలాచోట్ల మేలని కూడా రాశాడు. అతని పేరు వాడుకునేవాళ్లు ఈ ముక్క మింగేస్తారు.

గడువు తేదీ

మా కంపెనీ రేట్ల జాబితా కథకి రెండో సగం ఉంది. డ్యూటీ పెరిగిన మొదటి రెండేళ్లు మా దగ్గర ఏమీ మారలేదు. లాభం పెరిగింది, ఆఫీసుకి కొత్త ఫర్నిచర్ వచ్చింది. పాత వైండింగ్ మెషీన్లే, అదే రిజెక్షన్. మూడో ఏడాది డ్యూటీ దశలవారీగా తగ్గుతుందని ప్రకటన వచ్చింది. అప్పుడు మొదలైంది టెన్షన్. ఆరు నెలల్లో ఆటోమేటిక్ వైండింగ్ మెషీన్లకు ఆర్డర్ ఇచ్చారు, టెస్టింగ్‌కి ఇంజినీర్లను పెట్టుకున్నారు. రక్షణ ఉన్న రోజుల్లో పట్టని బుద్ధి, అది పోతుందన్న రోజు పుట్టింది. కాకపోతే ఆ మెషీన్లు కొనగలిగింది ముందు రెండేళ్ల లాభం చేతిలో ఉండబట్టే. నాకు ఇప్పటికీ ఈ విషయంలో ఒక పక్కకి మొగ్గడం కష్టమే.

హార్లీ డేవిడ్సన్ కథ మీరు వినే ఉంటారు. ఆ అమెరికా బైకుల కంపెనీ కోసం 1983లో అక్కడి రీగన్ ప్రభుత్వం 700 సీసీ దాటిన దిగుమతి బైకుల మీద అదనంగా 45 శాతం సుంకం వేసింది. కానీ మొదటి రోజే మెట్లు రాసి పెట్టారు: 45, 35, 20, 15, 10, ఐదేళ్లకి ఆఖరు. హార్లీ కొత్త ఇంజిన్ తెచ్చింది, సరుకు నిల్వలు తగ్గించే పద్ధతి జపాన్ కంపెనీలనే చూసి నేర్చుకుంది. 1987లో, గడువుకి ఏడాది ముందే, ఇక మాకు సుంకం అక్కర్లేదని తనే చెప్పింది. సుంకం వల్లే బతికిందా అన్నదాని మీద వాదన ఉంది. ఎందుకంటే జపాన్ కంపెనీలు ఇంజిన్ని 700 సీసీకి ఒక్క పిసరు కిందకి దించేసి సుంకం తప్పించుకున్నాయి, కొన్ని అప్పటికే అమెరికాలోనే బైకులు చేస్తున్నాయి. అయినా ఆ మెట్ల జాబితా నాకు నచ్చుతుంది. కంపెనీ బ్యాంకుకి వెళ్లినా, యూనియన్‌తో కూర్చున్నా, అందరి ముందూ ఒకే తేదీ ఉంది.

తేదీ లేని సుంకానికి నమూనా కావాలంటే అమెరికాలోనే ఉంది. యూరప్ అమెరికా కోళ్ల మాంసం మీద సుంకం వేసిందన్న కోపంతో 1964 నుంచి చిన్న ట్రక్కుల మీద 25 శాతం వేశారు. కోళ్ల తగువు ఎప్పుడో ముగిసింది, ట్రక్కుల సుంకం అలాగే ఉంది. దాన్ని తప్పించుకోవడానికి ఫోర్డ్ తన వ్యాన్లను టర్కీ నుంచి వెనక సీట్లు బిగించి "ప్రయాణికుల వాహనం"గా దించేది. రేవు దాటాక సీట్లు పీకేసి సరుకు వ్యాన్లుగా అమ్మేది. చివరికి 2024లో ఆ కేసులో 36.5 కోట్ల డాలర్లు కట్టి సర్దుబాటు చేసుకుంది. సీట్లు బిగించడానికి, పీకడానికి మనుషులు, జీతాలు, అవీ ఉద్యోగాలేనేమో మరి! గోడ ఎంత ఎత్తయితే సందులు వెతికే తెలివికి అంత జీతం. మీ సరుకు విషయంలోనూ, సరుకు ఏ రకమో కస్టమ్స్‌కి చెప్పే హెచ్‌ఎస్ కోడ్ మార్చి, మూడో దేశం మీదుగా తిప్పి, విడిభాగాలుగా తెచ్చి ఇక్కడ నాలుగు స్క్రూలు బిగించి అమ్మేవాళ్లు తయారవుతారు. అర్జీలో వస్తువు వర్ణన ఎలా రాశారో జాగ్రత్తగా చదవండి.

అవతలి దేశం తిరిగి దెబ్బ కొట్టే ప్రమాదం కూడా ఉంది. 1930లో అమెరికా స్మూట్-హాలీ చట్టంతో సుంకాలు పెంచొద్దని వెయ్యి మందికి పైగా ఆర్థికవేత్తలు మొత్తుకున్నా వినలేదు, కెనడా మొదలైనవి ఎదురు సుంకాలు వేశాయి. మీది చిన్న వస్తువు, యుద్ధాలేం రావు. మీ పక్క ఫ్యాక్టరీ ఎగుమతి చేసేదైతే మాత్రం వాళ్లతో ఒకసారి మాట్లాడండి.

మీ అర్జీ దగ్గరికి వద్దాం

ముందు ఒకటి తేల్చుకోండి. బయటి సరుకు చవగ్గా వస్తోందంటే ఎందుకు? వాళ్ల దేశంలో అమ్మే రేటు కన్నా తక్కువకి ఇక్కడ దించుతుంటే అది డంపింగ్. దానికి మామూలు సుంకం పెంపు అడగడం కన్నా యాంటీ డంపింగ్ విచారణ అడగడమే సరైన దారి. ఆ సుంకం ఆ దేశాల మీద, ఆ కంపెనీల మీదే పడుతుంది, ఐదేళ్లకోసారి సమీక్ష లేకుండా కొనసాగదు. దిగుమతి ఒక్కసారిగా వరదలా పెరిగి మీరు మునిగిపోతుంటే దానికి సేఫ్‌గార్డ్ సుంకం ఉంది, అది ముందు నాలుగేళ్లకు మించి ఉండదు. రెండింటికీ ఆధారాలు చూపించాలి, ఖాతాలు తెరవాలి. "ఇవి వద్దు, మామూలు సుంకమే పెంచండి" అని మీ సంఘం పట్టుబడుతుంటే, ఖాతాలు తెరవడం ఇష్టం లేదేమో అని నేనైతే అనుమానిస్తాను.

వాళ్లకి కేవలం మంచి మెషీన్లు, తక్కువ వడ్డీ, కోత లేని కరెంటు ఉండటం వల్ల చవకైతే, మీ సుంకం ఆ తేడాని కప్పిపుచ్చుతుంది కానీ పూడ్చదు. నా అనుభవంలో రేవులో కంటైనర్ పది రోజులు ఆగితే పడే ఖర్చు, కొన్ని సుంకాలు ఇచ్చే లాభాన్ని తినేసేది. దాని గురించి ఎవరూ అర్జీ రాయరు, సుంకం అడగడం తేలిక.

మీ ఫ్యాక్టరీ లాంటివి దేశంలో ఎన్ని ఉన్నాయో కూడా చూడండి. ఇరవై ఉంటే లోపల వాళ్లలో వాళ్లే కొట్టుకుని రేటు దించుతారు, పని మెరుగుపడుతుంది. రెండే ఉంటే సుంకం పెరిగిన మర్నాడు ఉదయం పది గంటలకి ఏం జరుగుతుందో పైన చెప్పాను.

నేను మీ స్థానంలో ఉంటే సంతకం పెట్టేముందు యజమానిని మూడు అడుగుతాను. మన సరుకులో వాడే ప్లాస్టిక్ గుళికలు, ఇత్తడి, రాగి మీద ఇప్పుడు ఎంత సుంకం పడుతోంది, దాన్ని తగ్గించమని అర్జీలో ఉందా? 25 శాతం ఏ ఏడాది 20 అవుతుంది, ఏ ఏడాది తిరిగి 10 అవుతుంది, ఆ తేదీలు రాశారా? వచ్చే రెండేళ్ల అదనపు లాభంలో ఏ మెషీన్ కొంటారు, పేరు చెప్పండి. మూడో ప్రశ్నకి ఆయన తడుముకోకుండా మోడల్ నంబరుతో సహా చెబితే, కొటేషన్ తెప్పించి టేబుల్ మీద పెట్టుకుని ఉంటే, మిగతా రెండిటి మీద కొంచెం పట్టువిడుపులతో నేను సంతకం పెట్టేస్తాను. "ముందు సుంకం రానీ, తర్వాత చూద్దాం" అంటే పెట్టను.

ఉద్యోగానికి ముప్పు వస్తుందనే భయం ఉంటుంది, కాదనను. అందుకే ఒంటరిగా వెళ్లకండి. మీతో పాటు టూల్ రూమ్‌లో పనిచేసేవాళ్లను ఇద్దరిని తీసుకెళ్లండి. ఏ మెషీన్ కావాలో యజమాని కన్నా వాళ్లకే బాగా తెలిసి ఉంటుంది. సమాధానం ఏం వచ్చిందో, ముడిసరుకు సుంకాల వివరాలు దొరికితే అవీ ఇక్కడే రాయండి, పైన వేసిన లెక్క మీ అంకెలతో మళ్లీ వేసి పెడతాను.